జీపు కన్నా 'ఎఫ్' బోల్టే ముద్దు! పాత మిలిటరీ బండ్ల షౌకీన్ల వింత పిచ్చి

అమెరికాలోనో, ఇంగ్లాండ్‌లోనో పాత మిలిటరీ బండ్ల సంతకు వెళ్తే ఈ సీన్ తప్పకుండా కనిపిస్తుంది. తుప్పు పట్టిన నట్లు, బోల్టులు నిండిన డబ్బా ముందు ఓ పెద్దాయన గొంతుక్కూర్చుని ఉంటాడు. ఒక్కో బోల్టు తీసి, దాని తలను బొటనవేలితో రుద్ది, కళ్లద్దాలు పైకి జరిపి చూస్తాడు. లేదు. పక్కన పడేస్తాడు. ఇంకోటి తీస్తాడు. అదీ కాదు. ఉన్నట్టుండి ముఖం వెలిగిపోతుంది. బోల్టు తల మీద చిన్నగా ఇంగ్లిష్ అక్షరం 'ఎఫ్' ఉంది! కబాడీ వాడి దగ్గర కిలోల లెక్కన అమ్ముడుపోవాల్సిన ఇనుప ముక్క కోసం ఆయన జేబులోంచి డాలర్లు తీస్తాడు. ఇంట్లో వాళ్లు ఏమంటారో మాత్రం అడగొద్దు.

అసలు ఆ 'ఎఫ్' ఏంటి? దానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి.

1940లో అమెరికా సైన్యానికి తేలికగా ఉండే, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే చిన్న బండి కావాల్సి వచ్చింది. మొదటి నమూనా తయారు చేసి ఇచ్చింది బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ. కానీ అంత చిన్న కంపెనీ వేలకు వేల బండ్లు ఇవ్వగలదా అని సైన్యానికి అనుమానం వచ్చింది. చివరికి పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కు, ఫోర్డ్‌కు పోయాయి. డిజైన్ విల్లీస్‌దే. దాన్నే చూసి ఫోర్డ్ కూడా తయారు చేయాలని ఒప్పందం. 1945 వరకు రెండు కంపెనీలూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులు చేశాయి. అందులో విల్లీస్‌వి దాదాపు 3 లక్షల 60 వేలు, మిగతావి ఫోర్డ్‌వి.

సైన్యం పెట్టిన షరతు ఒక్కటే: ఏ జీపు పార్టయినా ఇంకో జీపుకి ఇట్టే సరిపోవాలి. యుద్ధభూమిలో మెకానిక్ 'ఇది ఎవరి కంపెనీది' అని వెతుక్కుంటూ కూర్చోలేడు కదా. ఫోర్డ్ సరేనంది. కానీ తను చేసిన భాగాల మీద, ఆఖరికి బోల్టుల తలల మీద కూడా తన పేరులోని 'ఎఫ్' ముద్ర కొట్టింది. విల్లీస్ పార్టు పాడైతే ఆ లెక్క మా ఖాతాలో రాయకండి అన్నది దాని ఉద్దేశమని చెబుతారు. కామర్స్ చదివిన వాళ్లకి ఈ లాజిక్ వెంటనే అర్థమవుతుంది. పక్కవాడి బాకీ మన లెడ్జర్‌లోకి రాకూడదు, అంతే.

అప్పట్లో లెక్కల కోసం కొట్టిన ఆ ముద్ర ఇవాళ షౌకీన్లకి ఓ సర్టిఫికెట్ అయిపోయింది. ఫోర్డ్ జీపు ఉన్న మనిషికి బండి నడిస్తే సరిపోదు, ప్రతి బోల్టూ 'ఎఫ్' బోల్టే కావాలి. ఒక జీపులో వందల బోల్టులు ఉంటాయి. కొందరికి ఇది ఏళ్ల తరబడి సాగే పని. బండి షెడ్డులోనే ఉంటుంది, రోడ్డు ముఖం చూడదు.

బోల్టులతో ఆగితే బాగుండేది. రంగు మీద ఇంకో గొడవ. మిలిటరీ ఆకుపచ్చ అంటే మనకి ఒకటే రంగు. వీళ్లకి మాత్రం అందులో ఏ సంవత్సరపు ఛాయ, ఎంత మెరుపు ఉండొచ్చు అన్నది గంటల కొద్దీ వాదించుకునే విషయం. గ్రిల్ సంగతి ఇంకా తమాషా. తొలి విల్లీస్ జీపులకి ఇనుప పట్టీలు అతికించిన గ్రిల్ ఉండేది. ఒకే రేకును అచ్చు కొట్టి, తొమ్మిది గాళ్లతో చవగ్గా గ్రిల్ చేయొచ్చని చూపించింది ఫోర్డ్. 1942లో విల్లీస్ కూడా దాన్నే తీసుకుంది. అంటే 'ఇది అస్లీ విల్లీస్' అని గర్వంగా చూపించే చాలా బండ్ల ముఖం ఫోర్డ్ గీసిందే!

ఇక్కడే అసలు చిక్కు ఉంది. యుద్ధంలో బాగా తిరిగిన జీపుకి రిపేర్లు తప్పవు. విల్లీస్ చాసిస్ మీద ఫోర్డ్ బాడీ, ఫోర్డ్ బండిలో విల్లీస్ ఇంజిన్ మామూలే. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ సైన్యం తన జీపుల్ని విప్పి, పార్టులు కలగలిపి, మళ్లీ బిగించి ఏళ్ల పాటు వాడింది. కాబట్టి నిజంగా యుద్ధం చూసిన బండి కలగాపులగంగా ఉండే అవకాశమే ఎక్కువ. ప్రతి బోల్టూ 'ఎఫ్' ఉన్న జీపు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున మాత్రమే అలా ఉండి ఉంటుంది. అంత శుద్ధంగా కనిపించే బండిని ఎక్కువ అనుమానించాలన్నమాట.

ఎందుకంటే ఇప్పుడు 'ఎఫ్' ముద్ర కొట్టిన కొత్త బోల్టులు సెట్ల లెక్కన అమ్ముతున్నారు. బాడీ మొత్తం కొత్తగా చేసిచ్చే వాళ్లు ఫిలిప్పీన్స్‌లో ఉన్నారు. ఇది మోసం కాదు, వాళ్లు కొత్తదని చెప్పే అమ్ముతారు. ఆ సరుకుతో నింపిన బండిని తర్వాత ఎవరైనా 'అంతా 1943 నాటిదే' అని అమ్మితే అప్పుడు మొదలవుతుంది తంటా.

ఈ కథకి మన దేశంతోనూ సంబంధం ఉంది. 1945లో ముంబైలో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం ముహమ్మద్ కలిసి 'మహీంద్రా అండ్ మొహమ్మద్' పేరుతో ఉక్కు వ్యాపారం పెట్టారు. 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలైంది. దేశ విభజన తర్వాత గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. మన జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉన్నది ఆ కంపెనీదే.

మన దగ్గర కూడా మహీంద్రా జీపుకి ఆకుపచ్చ రంగు వేసి, బానెట్ మీద తెల్ల నక్షత్రం గీసి 'వరల్డ్ వార్ బండి' అని చెప్పే వాళ్లుంటారు. కొనే ముందు గ్రిల్ గాళ్లు లెక్కపెట్టండి, యుద్ధకాలపు అచ్చు గ్రిల్‌కి తొమ్మిది ఉంటాయి. తర్వాత వంగి రేడియేటర్ ముందు చాసిస్‌ని కలిపే అడ్డ కమ్మీని చేత్తో తడమండి. గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, నలుచదరంగా ఉంటే ఫోర్డ్. ఆపైన ఎడమ వైపు చాసిస్ మీద నంబర్ చూడాలి. ఫోర్డ్ దాన్ని ఇనుము మీదే కొట్టింది, విల్లీస్ చిన్న రేకు మీద వేసి బిగించింది. ఆ నంబర్, కాగితాల్లో ఉన్న నంబర్ ఒకటేనా అన్నది తేలాక బోల్టులు తీరిగ్గా చూసుకోవచ్చు.