ఆంగ్లక్రియావిశేషణములు – ‘లీ’ ప్రత్యయము

తెలుఁగున గుణవాచకముపై ‘గా’ చేరినచోఁ గ్రియావిశేషణ మేర్పడును. ‘అందము’ ‘అందముగా’ నగును. ఆంగ్లమున ‘లీ’ యనునది సర్వత్ర యీ ‘గా’కు సమానమని మన విద్యార్థులు తలఁతురు. ‘స్లో’ ‘స్లోలీ’ యగుటఁ జూచి ‘హార్డ్’ పైనను ‘లీ’ చేర్తురు. ప్రమాద మక్కడనే కలదు.

ఒక యుపాధ్యాయుఁడు శిష్యుని శ్రమను మెచ్చుకొని యోగ్యతాపత్రమున ‘హి హార్డ్లీ వర్క్డ్’ అని వ్రాసెననుకొందము. శిష్యుఁడు కష్టపడి చదివెనని చెప్పుట యాయన తలంపు. కాని వాఁడు దాదాపుగాఁ బనియే చేయలేదని యా వాక్యమున కర్థము. పత్రమును జదువు నధికారి వాక్యమునే చూచును గాని వ్రాసినవాని హృదయమును జూడఁడు. మెప్పు నిందగా మాఱి బాలునకుఁ గీడు మూడును. ‘హి వర్క్డ్ హార్డ్’ అనుటయే యిచట సాధువు.

ఈ భేదమునకుఁ గారణము భాషాచరిత్రమునఁ గలదు. క్రీ.శ. 1100 ప్రాంతము వఱకు వాడుకలోనుండిన ప్రాచీనాంగ్లమున విశేషణముపై ‘ఎ’కారమును జేర్చి క్రియావిశేషణమును జేయుచుండిరి. ‘లీచె’ యను మఱియొక ప్రత్యయమును గలదు. కాలక్రమమునఁ బదాంతమందలి ‘ఎ’కారము లోపింపఁగా ‘హార్డ్’ అను నొక్క రూపమే విశేషణమును గ్రియావిశేషణమును నయ్యెను. ‘లీచె’ ‘లీ’గా మాఱెను. ‘హార్డ్లీ’ మొదట ‘గట్టిగా’ నను నర్థమునే యిచ్చి, పిదప ‘కష్టముతో’ నను నర్థమును, తుదకు ‘లేదనఁదగినంత స్వల్పముగా’ నను నర్థమును బొందినది. రెండు రూపములు నిలిచినచోట నర్థములు చాలవఱకు వేఱుపడినవి.

‘కేమ్ లేట్’ అనఁగా నాలస్యముగా వచ్చెనని. ‘లేట్లీ’ యనఁగా నీ నడుమ నని. ‘కమ్ నియర్’ అనఁగా దగ్గఱకు రమ్మని. ‘నియర్లీ ఫెల్’ అనఁగాఁ బడినంత పని యయ్యెనని. పక్షి ‘హై’ ఎగురును. పండితుఁడు ‘హైలీ’ కొనియాడఁబడును. ‘స్లో’, ‘స్లోలీ’ యను వానికి మాత్ర మర్థభేదము లేదు. ‘ఫాస్ట్’ అను పదమునకు ‘లీ’ చేర్చుట నేఁటి యాంగ్లమున సాధువు కాదు.

కావున బోధకు లీ క్రమమును బాటింపవచ్చును. ఈ జంటలలో శ్రమ, వేళ, దూరము, ఎత్తు అను మూలార్థమే యుద్దిష్టమైనచో ‘లీ’ లేని రూపమును గ్రియకుఁ బిదప నుంచవలెను. ‘హార్డ్లీ’, ‘నియర్లీ’ యనునవి ప్రధానక్రియకు ముందు వచ్చును. ‘హార్డ్లీ’ యందు నిషేధార్థ మిమిడియున్నది గాన దానితో ‘నాట్’ చేర్పఁగూడదు. ఈ పదములను ‘గా’తో నర్థము చెప్పి విడువక, జంటలు జంటలుగా వాక్యములందుఁ జూపినచో, మెచ్చఁబోయి నిందించు దోషము మన బడులనుండి తొలఁగును.