ఒక్క గీత

ప్రకాశం జిల్లాలోని మా ఊరి పాల కేంద్రంలో పంతొమ్మిదేళ్లు టెస్టర్‌గా పనిచేశాను. పాలలో వెన్న ఎంతుందో చూసి చీటీ మీద రాయడం నా పని. రైతు చేతికి ఎంత డబ్బొచ్చేదీ ఆ అంకె మీదే ఉండేది.

అప్పట్లో కంప్యూటర్ మిషన్లు లేవు. స్విట్జర్లాండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ 1891లో కనిపెట్టిన పద్ధతే మాకు దిక్కు. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ పోసి, రబ్బరు బిరడా బిగించి కుదిపితే గొట్టం చేతిలో పట్టుకోలేనంత కాలుతుంది. యాసిడ్ పాలలోని మిగతాదాన్నంతా కరిగించేస్తుంది, వెన్నను మాత్రం ముట్టుకోదు. చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో నాలుగైదు నిమిషాలు తిప్పి, వేడినీళ్లలో ఉంచి తీస్తే గొట్టం మెడలో వెన్న పసుపుపచ్చగా తేరుకుంటుంది. మెడ మీద ఒక్కో గీత 0.1 శాతం. వెన్న మట్టానికి కన్ను సరిగ్గా ఎదురుగా ఉండాలి. కన్ను ఎత్తి చూస్తే ఒక గీత ఎక్కువ కనిపిస్తుంది, దించి చూస్తే ఒక గీత తక్కువ.

మా వీధిలో ఒక పెద్దావిడ, భర్త పోయాక ఒక్క బర్రెతో బతుకీడుస్తుండేది. పూటకు నాలుగు లీటర్లు పోసేది. ఒకరోజు 6.6 వస్తే 6.8 రాశాను. నాలుగు లీటర్ల మీద ఆ రెండు గీతలంటే ఎనిమిది గ్రాముల వెన్న. దానికే ఎవరి కొంప మునుగుతుందిలే అనుకున్నాను. మర్నాడూ అలాగే రాశాను.

కానీ ఊరి పాలన్నీ కలిసి శీతల కేంద్రానికి వెళ్తాయి. అక్కడ మళ్లీ పరీక్ష చేస్తారు. మా చీటీల మొత్తానికీ వాళ్ల లెక్కకూ పొంతన కుదరాలి. ఆవిడకు ఎక్కువ రాసింది ఇంకెక్కడో కోయాలి. మట్టం రెండు గీతల మధ్య ఆగినప్పుడల్లా కింది గీతే రాయడం అలవాటైంది. ఎవరికి? అడగనివాళ్లకి. అప్పుడది దొంగతనంలా తోచలేదు. ఇప్పుడు దానికి ఇంకో పేరు దొరకడం లేదు. శాంపిల్ కోసం తీసి మిగిలిన పాలు కేంద్రానివి. అందులోంచి ఒక గ్లాసు టీకని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. అంతకుముందు ఒక్కనాడూ తేలేదు.

ఏడాదిన్నర గడిచింది. పెద్దావిడకు జ్వరమొచ్చి, నాకు వరసకు మామయ్యే ఒకాయన ఆవిడ క్యాను కూడా తెచ్చాడు. రెండు క్యాన్లలోనూ తన బర్రె పాలే పోసి తెచ్చాడని నాకు తెలీదు. ఆయనకు 6.4 రాశాను, ఆవిడకు 6.7. క్యూలో ఏమీ అనలేదు. రాత్రి ఇంటికొచ్చి రెండు చీటీలూ మంచం మీద పెట్టాడు.

“ఒక్క బర్రెకి రెండు పొదుగులుంటాయా అల్లుడూ?”

అప్పటిదాకా ఆ గొట్టం వంక ఎవరూ చూసేవారు కాదు. నేను చెప్పిందే అంకె. ఈ సంగతి ఊళ్లో పాకాక సరిగ్గా రాసినా “ఇంకోసారి చూడు” అనేవాళ్లు. ఒక్కొక్కరి కళ్ల ముందూ గొట్టం పట్టుకుని నిలబడేవాణ్ణి. వంగి చూసుకునేవాళ్లు. బయట పాల వ్యాను హారన్ కొడుతుండేది. వాళ్లను తప్పు పట్టలేను.

జ్వరం తగ్గాక పెద్దావిడ వచ్చింది. “వెన్న బాగానే వస్తోంది గదాని పత్తి గింజలు మానేశా అబ్బాయ్. నా బర్రెకి నిజంగా ఎంతొచ్చేదో చెప్పు” అంది.

పాత లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఏ రోజు ఎంత కలిపానో నాకే గుర్తులేదు.