లెన్‌స్టర్ ఓడలో ఎందరు పోయారు? నూరేళ్లుగా తేలని లెక్క

ఐర్లండ్ తూర్పు తీరంలో డబ్లిన్‌ను ఆనుకుని ఉన్న రేవు పట్టణం డన్ లీరీ. బ్రిటిష్ పాలనలో దాని పేరు కింగ్స్‌టౌన్. 1918 అక్టోబరు 10న ఈ రేవు నుంచి బయలుదేరిన టపా ఓడ ‘ఆర్‌ఎంఎస్ లెన్‌స్టర్’ను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. మృతులు 501 మంది అని అధికారిక లెక్క. కనీసం 564 మంది అని ఐర్లండ్ జాతీయ మారిటైమ్ మ్యూజియం పరిశోధకుల లెక్క. రెండింటి మధ్య తేడా 63. తీరానికి అంత దగ్గరలో జరిగిన దాడిలో ఇంతమంది లెక్కకు రాకుండా ఎలా పోయారు?

3 టార్పెడోలు

కింగ్స్‌టౌన్ నుంచి వేల్స్‌లోని హోలీహెడ్ రేవుకు దాదాపు 100 కిలోమీటర్లు. మూడు గంటల్లోపే ముగిసే ప్రయాణం. ఉత్తరాలు, ఊళ్లకు పోయేవాళ్లు, సెలవు ముగించుకుని యుద్ధానికి తిరిగి వెళ్లే సైనికులు, అందరికీ ఇదే దారి.

ఆ గురువారం ఉదయం తొమ్మిది కావస్తుండగా ఓడ కదిలింది. ఆకాశం తేటగానే ఉన్నా అంతకు ముందరి తుపాను గాలుల వల్ల సముద్రం పోటెత్తి ఉంది. పది గంటలకు కాస్త ముందు, కిష్ దీపనౌక దాటి నాలుగు మైళ్లు వెళ్లాక యూబీ-123 అనే జలాంతర్గామి దాడి చేసింది. మొదటి టార్పెడో ఓడ ముందు నుంచి దూసుకుపోయింది. రెండోది ఎడమ పక్కన, ముందు భాగంలో, ఉత్తరాల గది ఉన్నచోట తగిలింది. ముక్కు భాగం మునుగుతున్న ఓడను కెప్టెన్ విలియం బర్చ్ రేవు వైపు తిప్పించారు. ఇంతలో మూడోది తగిలింది. ఆ పేలుడుతో ఓడ చూస్తుండగానే మునిగిపోయింది.

ప్రాణరక్షక పడవల్లోకి చేరినవాళ్లందరూ కూడా బతకలేదు. అలల ఉద్ధృతికి కొన్ని పడవలు తిరగబడ్డాయి. గాయాలతో పడవ ఎక్కిన బర్చ్ కూడా, సాయానికి వచ్చిన యుద్ధనౌకకు చేరే చివరి అంచెలో నీళ్లపాలయ్యారు.

771 మంది ఎవరు?

నమోదైన వివరాల ప్రకారం ఓడలో ఉన్నవారు 771 మంది. వీరిలో సిబ్బంది 77, మిగిలినవారు 694. ఆ 694లో సాధారణ ప్రయాణికులు సుమారు 180 మంది. టపా ఉద్యోగులు 22 మంది. మిగతా అంతా సైనికులే. ఐర్లండ్, బ్రిటన్‌ల వారితో పాటు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులూ ఉన్నారు. మృతుల సంఖ్యను ఏ పట్టిక నుంచి తీసుకున్నా, ఓడ ఎక్కినవారిలో ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఇద్దరైనా పోయారన్నది మాత్రం ఖాయం. ఐరిష్ సముద్రంలో ఒకే ఘటనలో ఇంత ప్రాణనష్టం మరెప్పుడూ జరగలేదు. 1915లో 1,198 మందిని బలిగొన్న లూసిటానియా మునక ఇంకా పెద్దదే కానీ, అది దక్షిణాన, అట్లాంటిక్ వైపు తీరంలో జరిగింది.

22 మందిలో 21

ఈ ఓడ కథలో ఎవరూ వేలెత్తి చూపలేని అంకె ఇదొక్కటే. దారిలోనే ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసే 22 మంది టపా ఉద్యోగులు కింది గదిలో పనిలో ఉన్నారు. రెండో టార్పెడో తగిలింది అక్కడే. 21 మంది చనిపోయారు. ఒక్కరు బయటపడ్డారు. ఈ లెక్క ఇంత కచ్చితంగా ఉండటానికి కారణం ఒక్కటే. వాళ్లు డ్యూటీలో ఉన్నారు. హాజరు పట్టీలో పేర్లున్నాయి. జీతమిచ్చే శాఖకు తన మనుషులెవరో తెలుసు.

మరి 180 మంది సాధారణ ప్రయాణికుల సంగతి? టిక్కెట్ కొన్నారు, ఎక్కారు. వాళ్ల చావును నమోదు చేయాల్సిన బాధ్యత ఏ ఒక్క కార్యాలయం మీదా లేదు. సైనికుల వివరాలు వారి వారి దళాల దగ్గర, ఒక్కో దేశంలో ఒక్కో చోట ఉండిపోయాయి. దొరకని శవాలు ఎన్నో. దీనికి తోడు యుద్ధకాలపు సెన్సార్‌షిప్. అందుకే 501 అన్నది తప్పుడు లెక్క అనడం కంటే, ఆనాడు చేతికందిన కాగితాల లెక్క అనడం సబబు. ఆ తర్వాత సంఖ్య పెరిగిందంటే, మరణ ధ్రువపత్రాలు, సమాధి రికార్డులు, పాత పత్రికలు, కుటుంబాలు దాచుకున్న ఉత్తరాలు పక్కపక్కన పెట్టి ఒక్కొక్క పేరూ తేల్చుకుంటూ వచ్చిన పరిశోధకుల శ్రమ వల్లే.

144 సమాధులు, మూడు దూరపు గోడలు

డబ్లిన్‌లోని గ్రాంజ్‌గోర్మన్ సైనిక శ్మశానంలో లెన్‌స్టర్ సైనిక మృతులు 144 మంది ఉన్నారు. శవాలు దొరకని సైనికుల పేర్లు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో, హాలీబ్రూక్ స్మారకం మీద కనిపిస్తాయి. సముద్రమే సమాధి అయిన ఓడ సిబ్బంది పేర్లు లండన్‌లోని టవర్ హిల్ స్మారకం మీద ఉన్నాయి. కార్క్‌కు చెందిన 19 ఏళ్ల జోసఫిన్ కార్ పేరు ప్లిమత్ నౌకాదళ స్మారకం మీద చెక్కారు. బ్రిటిష్ మహిళా నౌకాదళ విభాగంలో శత్రువు దాడికి బలైన మొదటి సభ్యురాలు ఆమే.

సాధారణ ప్రయాణికులకు మాత్రం ఇలాంటి గోడ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పౌరుల పేర్లను నమోదు చేసే పని యుద్ధ సమాధుల కమిషన్‌కు అప్పగించలేదు. ఆ పని రెండో ప్రపంచ యుద్ధంతోనే మొదలైంది. యూనిఫాం వేసుకున్నవాడి పేరు రాతికెక్కింది. అదే పడవలో అతని పక్కన కూర్చున్న ఇల్లాలి పేరు ఇంట్లోవాళ్లకే మిగిలింది.

32 రోజులు

ఓడ మునిగిన 32 రోజులకు, నవంబరు 11న యుద్ధం ఆగింది. అప్పటికే శాంతి కోసం రాయబారం నడుస్తోంది. అక్టోబరు 14న అమెరికా అధ్యక్షుడు విల్సన్ పంపిన జవాబు లేఖ, ప్రయాణికుల ఓడల మీద దాడులు ఆపితేగానీ మాటల్లేవని తేల్చిచెప్పింది. కొద్ది రోజుల్లోనే జర్మనీ తన జలాంతర్గాములను వెనక్కి పిలిచింది. యూబీ-123 మాత్రం ఇల్లు చేరలేదు. ఉత్తర సముద్రంలోని మందుపాతరల మధ్య సిబ్బంది అంతటితో సహా గల్లంతైంది.

ఐర్లండ్‌లో రాజకీయం అంతకంటే వేగంగా మారింది. డిసెంబరు ఎన్నికల్లో స్వాతంత్ర్యవాద షిన్ ఫేన్ పార్టీ 105 స్థానాల్లో 73 గెలిచింది. 1919 జనవరిలో బ్రిటన్ మీద పోరు మొదలైంది. 1920లో కింగ్స్‌టౌన్ పేరు డన్ లీరీగా మారింది. బ్రిటిష్ యూనిఫాంలో పోయినవాళ్ల గురించి కొత్త దేశంలో గట్టిగా మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. లెన్‌స్టర్ మృతుల్లో ఎక్కువమంది సైనికులు కావడంతో వాళ్లతో పాటే టపా ఉద్యోగులూ, తల్లులూ, పిల్లలూ మరుగున పడ్డారు.

49,435 అనే పెద్ద అంకె

ఇదే చిక్కు దేశం మొత్తానికీ ఉంది. 1923లో 8 సంపుటాలుగా అచ్చయిన ఐర్లండ్ స్మారక గ్రంథంలో 49,435 పేర్లున్నాయి. ‘యుద్ధంలో పోయిన ఐరిష్ వాళ్లు 49 వేలకు పైనే’ అని చాలాచోట్ల రాయడానికి మూలం ఇదే. కానీ ఐరిష్ రెజిమెంట్లలో పనిచేసిన ఇంగ్లిష్ వాళ్లు కూడా ఆ జాబితాలోకి వచ్చారు. విదేశీ సైన్యాల్లో చేరి చనిపోయిన ఐరిష్ వాళ్లు చాలామంది తప్పిపోయారు. ఇప్పుడు తరచూ వినిపించే అంచనా సుమారు 35,000. గమనించాల్సింది ఇంకొకటుంది. లెన్‌స్టర్‌లో అంకె పరిశోధనతో పెరిగింది, ఇక్కడ తగ్గింది.

ఆ సంపుటాలను ఉంచిన చోటు డబ్లిన్‌లోని ఐలండ్‌బ్రిడ్జ్ స్మారక ఉద్యానం. రూపశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. మన ఢిల్లీ ఇండియా గేట్, లండన్ టవర్ హిల్ స్మారకం కూడా ఆయన గీసినవే. ఇండియా గేట్ మీద ఉన్నవి 13 వేల పైచిలుకు పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన భారత సైనికులు సుమారు 74,000 మంది. ఏ జాబితాకైనా దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టుకున్న హద్దులుంటాయి.

ఐలండ్‌బ్రిడ్జ్ ఉద్యానం 1930ల చివరికే పూర్తయినా, లాంఛనంగా అంకితమైంది 1988లో. డన్ లీరీలోనూ దాదాపు అదే కాలంలో కదలిక వచ్చింది. ఈతగాళ్లు పైకి తెచ్చిన లెన్‌స్టర్ లంగరును రేవు ఒడ్డున నిలిపి, 1996లో స్మారకంగా ప్రకటించారు. నూరేళ్లు దాటిన ఓడ శిథిలాలకు ఐర్లండ్ చట్టం దానంతట అదే రక్షణ ఇస్తుంది కాబట్టి, 2018 అక్టోబరు నుంచి ముప్పై మీటర్లకు పైగా లోతున ఉన్న ఆ ఓడను అనుమతి లేకుండా ఎవరూ ముట్టకూడదు.

లెన్‌స్టర్ గురించి చదివేటప్పుడు 501, 564 రెండూ ఎదురవుతాయి. మొదటిది ప్రభుత్వం అప్పట్లో లెక్కపెట్టినవాళ్ల సంఖ్య. రెండోది ఎవరో ఒకరు వెతికితే దొరికినవాళ్లను కూడా కలుపుకున్న సంఖ్య. వెతకడం ఆగనంత కాలం రెండోదీ ఆఖరి అంకె కాదు.