మంచుదారి నిలిచేది మాట మీదే

అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రంలో, మంచు మీద పరుగెత్తే మోటారు బళ్లయిన స్నోమొబైళ్ల కోసం ఏటా చలికాలంలో దాదాపు 7,500 కిలోమీటర్ల దారి సిద్ధమవుతుంది. అందులో సుమారు 80 శాతం ప్రైవేటు భూముల మీదుగా, ఒకరి గడ్డిపొలం అంచునో ఇంకొకరి చెట్ల తోపులోంచో పోతుంది. దీన్ని చూసుకునేది రహదారుల శాఖ కాదు, ఊళ్లలోని క్లబ్బులు. వాటన్నిటినీ కలుపుతూ 1967లో ఏర్పడిన సంఘం వాస్ట్. మంచును చదును చేసే భారీ యంత్రాలను చూస్తే దారి వాటివల్లే నిలుస్తోందనిపిస్తుంది. కానీ యంత్రం చేసేది సగం పనే. భూయజమాని ఇచ్చిన మాట చెడకుండా కాపాడుకోవడమే అంతకన్నా కష్టమైన సగం.

అలాగని యంత్రం పని తక్కువదేమీ కాదు. బండి జోరందుకున్న చోటా, బ్రేకు పడ్డ చోటా మంచు కుప్పపడి గతుకవుతుంది. ఆ గతుకు మీద ఎగిరిపడ్డ బండి దాని పక్కనే ఇంకోటి వేస్తుంది. దీన్ని సరిచేయడానికి గొలుసు పట్టాల ట్రాక్టరు వెనక ‘డ్రాగ్’ అనే బరువైన ఇనుప చట్రాన్ని కట్టి లాగిస్తారు. అందులోని బ్లేళ్లు గతుకును అడుగుదాకా కోస్తాయి. తెగిన మంచు చట్రంలోనే దొర్లి, కలిసి, చివరనున్న రేకు కింద అణుగుతుంది. పైపైన గీకి గుంటలు పూడిస్తే మర్నాటికల్లా మళ్లీ అవే గతుకులు. కలిసిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడాలంటే చలి, కొన్ని గంటల వ్యవధి రెండూ కావాలి. కొత్తగా పోసిన స్లాబు మీద వెంటనే నడవనివ్వనట్టే, ఈ దారి మీదికీ అప్పుడే బళ్లు రాకూడదు. అందుకే ఈ పని ఎక్కువగా రాత్రిపూట, గంటకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో నిదానంగా సాగుతుంది.

ఇంత శ్రమనూ ఒక్క బండి వృథా చేయగలదు. అది దారి వదిలి పక్క పొలంలో చక్కర్లు కొట్టినా, లేత మొక్కలు తొక్కినా, యజమాని మర్నాడే దారి మూసేయవచ్చు. ఆయన అద్దె తీసుకోవడం లేదు కనుక ఆయనకు పోయేదేమీ లేదు. అక్కడ తెగితే అటూ ఇటూ ఉన్న ఊళ్ల మధ్య రాకపోకలూ తెగుతాయి. అందుకే క్లబ్బువాళ్లు మంచు పడకముందే యజమానులను కలుస్తారు, పొదలు కొడతారు, చిన్న వంతెనలు బాగుచేస్తారు, గుర్తుల బోర్డులు పాతుతారు. ఉచితంగా దారినిచ్చినవారి మీద ప్రమాదాల బాధ్యత పడకుండా రాష్ట్ర చట్టం చాలావరకు కాపాడుతుంది. చట్టం భయం పోగొడుతుంది గానీ, సరేననిపించాల్సింది మాత్రం పొరుగువాడే.

భూమి ఉచితం, సేవ స్వచ్ఛందం అయినప్పుడు క్లబ్బులో చేరి రుసుము ఎందుకు కట్టాలని కొందరు అడుగుతారు. డీజిలూ విడిభాగాలూ ఉచితంగా రావు, కొత్త యంత్రం ఒక్కటే లక్షల డాలర్లు పలుకుతుంది. పైగా సభ్యుడైనవాడు క్లబ్బు నియమాలకూ జవాబుదారీ అవుతాడు. ప్రభుత్వమే చేయొచ్చు కదా అంటే, తన అడవుల్లో చేయగలదు. ఇతరుల నేల మీద అయితే కొనడమో కౌలుకు తీసుకోవడమో తప్పకపోవచ్చు. మోత, పొగల గురించిన ఫిర్యాదు న్యాయమైనదే, దానికి క్లబ్బుల దగ్గర పూర్తి జవాబు లేదు. కాకపోతే గుర్తులు పెట్టిన దారంటూ లేకపోతే ఆ బళ్లు అడవంతా తిరుగుతాయి. డిసెంబరు 16 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్ అయినా, మంచు చాలనప్పుడు దారి తెరవరు. పలచటి మంచు మీద బండి వెళ్తే కింది నేల చీరుకుపోతుంది, ఆ నేల క్లబ్బుది కాదు. రుసుము కట్టినవాళ్లు గొణిగినా సరే గేటు తీయని క్లబ్బుకే యజమాని మరుసటి ఏడాదీ దారినిస్తాడు.