ఫోను పలుచనైతే వాడేవారికి మేలేనా?

1. పాఠ పరిచయం

భిలాయి ఉక్కు నగరంలోని మరోదాలో ఉండే తెలుగు కుటుంబాలకు సెల్‌ఫోను మాట్లాడుకునే సాధనం మాత్రమే కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లలో ఉన్న పెద్దవాళ్ల ముఖం చూసేది అందులోనే. కిరాణా కొట్లో డబ్బు చెల్లించేది దానితోనే. బడి మానేసి మళ్లీ చదువు మొదలుపెట్టినవారు పాఠాలు వినేది కూడా దానిలోనే. అందువల్ల ఫోను కొనడం ఇంటి ఖర్చులో పెద్ద ఖర్చు. చాలామందికి అది ఒక నెల సంపాదన, లేదా అంతకంటే ఎక్కువ.

దుకాణంలో అమ్మే మనిషి ఫోనును చేతిలో పెట్టి "చూడండి, ఎంత పలుచగా ఉందో!" అంటాడు. పలుచన అయితే మంచిదేనా? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఫోన్ల మందం ఎలా తగ్గుతూ వచ్చిందో చెప్పగలుగుతారు.
- మందానికీ బ్యాటరీకీ, బలానికీ, వేడికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- కొనే ముందు ఏమి చూడాలో నిర్ణయించుకోగలుగుతారు.

2. మందం తగ్గిన కథ

1983లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మోటరోలా డైనాటాక్ ఫోను బరువు సుమారు 800 గ్రాములు. 10 గంటలు ఛార్జి చేస్తే అరగంట మాట్లాడవచ్చు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు.

2003లో వచ్చిన నోకియా 1100 మందం 20 మి.మీ. దాని బరువు 86 గ్రాములు మాత్రమే. టార్చి లైటు ఉండేది. వెనుక మూత తీసి బ్యాటరీని మనమే మార్చుకునేవాళ్లం. 2004లో సుమారు 14 మి.మీ. మందంతో మోటరోలా రేజర్ వచ్చింది. అప్పటి నుంచి పలుచదనమే గొప్ప అన్న పోటీ పెరిగింది. 2014లో ఒప్పో ఆర్5 ఫోను 4.85 మి.మీ. మందంతో వచ్చింది. అంత పలుచని ఫోనులో ఇయర్‌ఫోను గుచ్చే రంధ్రానికి చోటు లేకపోయింది.

తరువాత జరిగినది గమనించండి. ఫోన్లు మళ్లీ కొంత మందమయ్యాయి. 2014 నాటి ఐఫోన్ 6 మందం 6.9 మి.మీ. అయితే, 2019 నాటి ఐఫోన్ 11 మందం 8.3 మి.మీ. బ్యాటరీ ఎక్కువసేపు రావాలనీ, కెమెరా మెరుగ్గా ఉండాలనీ వాడేవారు కోరడం ఇందుకు ముఖ్య కారణం. 2025లో శాంసంగ్ ఎస్25 ఎడ్జ్ (5.8 మి.మీ.), ఐఫోన్ ఎయిర్ (5.6 మి.మీ.) రావడంతో పలుచదనం మాట మళ్లీ మొదలైంది.

3. పలుచని ఫోనుతో లాభాలు

లాభాలు లేవని చెప్పడం న్యాయం కాదు. పలుచని ఫోను సాధారణంగా తేలికగా ఉంటుంది. గంటసేపు చేతిలో పట్టుకుని పాఠం వినేవారికి 30 గ్రాముల తేడా కూడా మణికట్టుకు తెలుస్తుంది. చిన్న చేతులున్నవారికి, వేళ్లు నొప్పి పెట్టే పెద్దవాళ్లకు పట్టుకోవడం సులువు. చొక్కా జేబులో బరువుగా వేలాడదు.

అయితే ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. చేతికి హాయినిచ్చేది చాలావరకు తక్కువ బరువు. పలుచదనం కంటికి కనిపించే గుణం. నోకియా 1100 చాలా మందంగా ఉన్నా, ఇప్పటి పలుచని ఫోన్లలో సగం బరువే తూగేది. మరో సంగతి: ఎక్కువమంది ఫోను కొన్న రోజే దానికి కవరు తొడుగుతారు. తగ్గిన మందం కవరుతో తిరిగి వచ్చేస్తుంది.

4. మందం – బ్యాటరీ

ఫోను లోపల ఎక్కువ చోటు ఆక్రమించేది బ్యాటరీ. పెద్ద బిందెలో ఎక్కువ నీళ్లు పట్టినట్లే, ఒకే రకం బ్యాటరీలలో పెద్దదానిలో ఎక్కువ విద్యుత్తు నిలువ ఉంటుంది. ఈ నిలువను ఎం.ఏ.హెచ్. అనే కొలతలో చెబుతారు.

ఒకే సంస్థ 2025లో తెచ్చిన రెండు ఫోన్లను పోల్చి చూద్దాం. రెండింటి తెర 6.7 అంగుళాలే. లోపలి ప్రాసెసరు కూడా ఒకటే.

శాంసంగ్ ఎస్25 ప్లస్: మందం 7.3 మి.మీ., బరువు 190 గ్రా., బ్యాటరీ 4900 ఎం.ఏ.హెచ్., వెనుక కెమెరాలు 3.
శాంసంగ్ ఎస్25 ఎడ్జ్: మందం 5.8 మి.మీ., బరువు 163 గ్రా., బ్యాటరీ 3900 ఎం.ఏ.హెచ్., వెనుక కెమెరాలు 2.

మందం 1.5 మి.మీ. తగ్గింది. బరువు 27 గ్రాములు తగ్గింది. దానికి బదులుగా 1000 ఎం.ఏ.హెచ్., అంటే సుమారు అయిదో వంతు నిలువ పోయింది. దూరపు దృశ్యాలు తీసే కెమెరా కూడా పోయింది.

ఇప్పుడు మరో లెక్క చూడండి. వాడేకొద్దీ బ్యాటరీ శక్తి తగ్గుతుంది. అది 80 శాతానికి దిగిందనుకుందాం. 4900లో 80 శాతం 3920. అంటే, బాగా వాడి పాతబడిన మందం ఫోను, పెట్టెలోంచి అప్పుడే తీసిన పలుచని ఫోనుతో సమానం! అదే పలుచని ఫోను పాతబడితే 3120 మాత్రమే మిగులుతుంది.

అంతేకాదు. చిన్న బ్యాటరీ త్వరగా పాతబడుతుంది కూడా. మీకు రోజుకు 3500 ఎం.ఏ.హెచ్. అవసరమనుకోండి. రెండు బ్యాటరీలూ 800 పూర్తి ఛార్జీల వరకు బాగా పనిచేస్తాయనుకుందాం. పెద్ద బ్యాటరీకి ఆ 800 ఛార్జీలు పూర్తవడానికి 1120 రోజులు, అంటే మూడేళ్లకు పైగా పడుతుంది. చిన్నదానికి సుమారు 890 రోజులు, అంటే రెండున్నర ఏళ్లకు కొద్దిగా తక్కువ.

దుర్గ్ నుంచి విశాఖపట్నం వైపు రైలెక్కినవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. రాయగడ కొండల్లో సిగ్నలు బలహీనమైనప్పుడు ఫోను టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది.

గమనిక: కొత్త బ్యాటరీలలో గ్రాఫైటుతో పాటు కొంత సిలికాన్ కలుపుతున్నారు. ఒక గ్రాము సిలికాన్, గ్రాఫైటు కంటే సుమారు పది రెట్లు ఎక్కువ నిలువ చేయగలదు. కాని ఛార్జి ఎక్కినప్పుడు బాగా ఉబ్బుతుంది కనుక కొద్దిగానే కలుపుతారు. ఇలాంటి ఫోన్లు పలుచగా ఉన్నా ఎక్కువసేపు రావచ్చు. అందువల్ల మందాన్ని చూసి ఊహించకండి. ఎం.ఏ.హెచ్. అంకెను చదవండి.

పాఠ్యగత ప్రశ్నలు – 1
అ) చేతికి హాయినిచ్చేది ముఖ్యంగా ఫోను యొక్క ఏ గుణం?
ఆ) 5000 ఎం.ఏ.హెచ్. బ్యాటరీ 80 శాతానికి తగ్గితే ఎంత మిగులుతుంది?

5. మందం – బలం

ఉక్కు నగరంలో ఉండేవారికి ఈ విషయం కొత్త కాదు. పలుచని రేకు చేత్తో వంచవచ్చు. భిలాయి కర్మాగారంలో తయారయ్యే మందమైన ప్లేటును వంచడానికి యంత్రం కావాలి. రైలు పట్టాల విషయమూ అంతే. మీటరుకు 52 కిలోల పట్టా ఎత్తు 156 మి.మీ., 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ. బరువైన బండ్లు నడిచే దారుల్లో 60 కిలోల పట్టాలు వేస్తారు.

దీని వెనుక ఒక సూత్రం ఉంది. ఒకే పదార్థంతో చేసిన పలక వంగకుండా నిలిచే గుణం, దాని మందం యొక్క ఘనాన్ని బట్టి ఉంటుంది. 8 ఘనం 512. 6 ఘనం 216. అంటే మందం 8 నుంచి 6 మి.మీ.కు, పావు వంతు తగ్గితే, బిగువు సగానికి పైగా తగ్గిపోతుంది.

2014లో ఐఫోన్ 6 ప్లస్ ఫోన్లు జేబుల్లో వంగుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. పాత 5ఎస్ కంటే ఈ ఫోను వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని సంస్థకు ముందే తెలుసునని 2018లో అమెరికా కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. 2015 నాటి ఫోనులో గట్టి అల్యూమినియం మిశ్రమం వాడారు. అంటే మందంతో పాటు పదార్థం కూడా ముఖ్యమే. ఐఫోన్ ఎయిర్‌కు టైటానియం చట్రం ఇచ్చారు. అయితే అలాంటి పదార్థాల ఖర్చు ధరలో కలుస్తుంది.

6. వేడి, భద్రత

ఫోను పనిచేస్తున్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి చుట్టూ పరుచుకోవడానికి లోపల లోహం, చోటు కావాలి. పలుచని ఫోనులో ఇవి తక్కువ. వేడి పెరిగితే ప్రాసెసరు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వేడిలో వాడాలని ఆ సంస్థ సూచిస్తుంది. మే నెలలో భిలాయిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో ఫోను ఉంచకూడదు. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది.

బ్యాటరీ చుట్టూ కొంత ఖాళీ కూడా అవసరం. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు కొన్ని అంటుకున్నాయి. 2017 జనవరిలో సంస్థ కారణాలు చెప్పింది. ఒక రకం బ్యాటరీలో మూల దగ్గర చోటు చాలక లోపలి ఎలక్ట్రోడు వంగింది. రెండో రకంలో తయారీ లోపం ఉంది. ఇరుకు ఎంత ప్రమాదమో ఈ సంఘటన నేర్పింది.

జాగ్రత్త: ఫోను వెనుక భాగం ఉబ్బినట్లు కనిపిస్తే ఛార్జి పెట్టడం ఆపండి. నొక్కకండి, గుచ్చకండి. మరమ్మతు చేసేవారికి చూపించండి. పాత బ్యాటరీని చెత్తలో వేయకండి.

7. మరమ్మతు

విడిగా తీయగలిగే బ్యాటరీకి గట్టి పెట్టె కావాలి, ఫోనుకు మూత కావాలి. ఈ రెండూ మందాన్ని పెంచుతాయి. అందుకే ఇప్పుడు బ్యాటరీని జిగురుతో అతికిస్తున్నారు. దానిని మార్చాలంటే దుకాణానికి వెళ్లాలి. కూలి, విడిభాగం ధర రెండూ చెల్లించాలి.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం చేసింది. కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీలను వాడేవారే మార్చుకోగలిగేలా తయారుచేయాలని అది నిర్దేశిస్తుంది.

8. కొనే ముందు చూడవలసినవి

1) మందం కంటే ముందు బరువు, ఎం.ఏ.హెచ్. అంకె చదవండి.
2) ప్రకటనలో చెప్పే మందం సాధారణంగా కెమెరా ఉబ్బును కలపకుండా కొలిచినది. ఫోనును బల్లపై పెట్టి చూడండి.
3) కవరు తొడిగి చేత్తో పట్టుకోండి.
4) స్పీకర్లు ఎన్ని, సిమ్ కార్డుకు చోటు ఉందా అని అడగండి. ఐఫోన్ ఎయిర్‌లో మామూలు సిమ్ కార్డు పట్టదు.
5) బ్యాటరీ మార్చడానికి ఎంత అవుతుందో, మీ ఊళ్లో మారుస్తారో లేదో కొనకముందే తెలుసుకోండి.

9. సారాంశం

పలుచదనం దోషం కాదు, దానంతట అది గుణమూ కాదు. అది ఒక బేరం. చేతికి తేలిక దొరుకుతుంది. బ్యాటరీ, బిగువు, చల్లదనం కొంత వదులుకోవలసి వస్తుంది. పగలంతా పనిలో ఉండి రాత్రి పాఠం వినేవారికి, ఫోను మూడు నాలుగేళ్లు రావాలనుకునేవారికి ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైనా మేలే. ఇంట్లో ఛార్జరు పక్కనే ఉండి, బరువు మోయలేని పెద్దవాళ్లకు తేలిక ఫోను మేలు. మీ అవసరం ఏదో ముందు నిర్ణయించుకోండి. తరువాత దుకాణానికి వెళ్లండి.

పాఠ్యగత ప్రశ్నలు – 2
అ) పలక మందం సగానికి తగ్గితే దాని బిగువు ఎన్నో వంతు అవుతుంది?
ఆ) బ్యాటరీని జిగురుతో అతికించడం వల్ల వాడేవారికి కలిగే ఇబ్బంది ఏమిటి?
ఇ) మీ ఇంట్లో ఉన్న ఫోను బరువు, మందం, ఎం.ఏ.హెచ్. తెలుసుకుని మీ నోటు పుస్తకంలో రాయండి.

జవాబులు
1. అ) తక్కువ బరువు. ఆ) 4000 ఎం.ఏ.హెచ్.
2. అ) ఎనిమిదో వంతు. ఆ) సొంతంగా మార్చుకోలేరు, మరమ్మతు ఖర్చు పెరుగుతుంది. ఇ) మీరే పూర్తి చేయండి.