ఫార్మాట్ కొట్టేముందు ఒక్కసారి బయోస్ చూడండి

రేపు ఆన్‌లైన్ టెస్ట్. ఈ రాత్రి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నీలం తెర, దాని మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’. మీరుండేది హుకుంపేట. కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే ఘాట్ దిగి విశాఖ వెళ్లాలి. ఏం చేస్తారు?

బీటెక్ చివరి ఏడాది సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నాకిదే జరిగింది. ఉబుంటు వేసుకుందామంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడలేదు. ఎక్కడో చదివింది గుర్తొచ్చి, బయోస్‌లో స్టోరేజ్ మోడ్‌ను రైడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ కొట్టాను. అంతే, విండోస్ లేవలేదు. తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే ‘ఫార్మాట్ కొడితే సరి’ అన్నాడు. ప్రాజెక్టంతా అందులోనే ఉంది. బ్యాకప్ లేదు.

నిజానికి డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా పోలేదు. ఇన్‌స్టాల్ అయినప్పుడున్న మోడ్‌కు సరిపడే డ్రైవర్‌నే విండోస్ బూట్ సమయంలో లోడ్ చేస్తుంది. మోడ్ మారితే ఆ డ్రైవర్‌కు డిస్క్ కనిపించదు. మళ్లీ బయోస్‌లోకెళ్లి (డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10) పాత మోడ్ పెట్టాను. రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేసింది. లెగసీ, యూఈఎఫ్ఐ మార్చేసి ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చినా మందు ఇదే.

ఏం మార్చారో గుర్తులేదా? ‘లోడ్ డిఫాల్ట్స్’ చాలాసార్లు పనిచేస్తుంది. అయితే కొన్ని మోడళ్లలో డిఫాల్ట్ వేరు, మీకు అమ్మినప్పుడున్న సెట్టింగ్ వేరు. అప్పటికీ లేవకపోతే స్టోరేజ్ మోడ్‌ ఒక్కటే మార్చి చూడండి. అన్నీ ఒకేసారి కెలకొద్దు. ఈసారి నుంచి బయోస్‌లో చెయ్యిపెట్టే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

అసలు ప్రమాదం బిట్‌లాకర్‌తో. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ లాంటిది మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సెట్టింగ్ వెనక్కి పెడితే ఒక్కోసారి అడగడం మానేస్తుంది. లేదంటే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాను ఫోన్‌లో తెరిస్తే కీ అక్కడే దొరుకుతుంది. మరి కొన్నరోజు దుకాణంలో ఎవరి మెయిల్ ఐడీతో లాగిన్ చేశారు? షాపతని ఐడీ అయితే కీ కూడా అతని ఖాతాలోనే ఉంటుంది! కీ పోతే మైక్రోసాఫ్ట్ కూడా ఇవ్వలేదు. ఇవాళే చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. మన కొండ ఊళ్లలో సిగ్నల్ ఎప్పుడుంటుందో చెప్పలేం కదా. బయోస్‌లో ‘క్లియర్ టీపీఎం’ అని కనిపిస్తే మాత్రం దాని జోలికి పోవద్దు.

తెరే వెలగడం లేదంటే ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ ఛార్జర్ పెట్టి చూడండి. బయోస్ పాస్‌వర్డ్ మరిచిపోతే బిళ్ల బ్యాటరీ తీసినా చాలా కొత్త మోడళ్లలో లాభం లేదు. అది కరెంటు లేకపోయినా చిప్‌లో ఉండిపోతుంది. ఈ రెండో రకానికి మాత్రం విశాఖ బస్సెక్కాల్సిందే. బిల్లు పట్టుకెళ్లండి. డేటా తుడవొద్దని జాబ్ షీట్ మీద రాయించాకే ల్యాప్‌టాప్ చేతికివ్వండి.