గోడలో ‘ఢబ్’ మంటోందా? ఎప్పుడు మోగుతోందో ముందు చూడండి

అన్నలూ, అక్కలూ, ఈ ఎపిసోడ్ చాలామంది డ్యూటీ బస్సులో విని ఉంటారు. రూముకొచ్చాక చూసుకోడానికి పనికొచ్చే ముక్కలు ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను అల్ వక్రాలో బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో ప్లంబింగ్ పని చేస్తాను.

నల్లా కట్టేయగానే గోడలో ‘ఢబ్’ మంటుంది చూడండి, దాన్ని వాటర్ హ్యామర్ అంటారు. పైపులో పరుగెత్తే నీళ్లకి బరువుంటుంది. దారి ఒక్కసారిగా మూస్తే ఆ బరువంతా వచ్చి గుద్దుతుంది. నికొలాయ్ జుకోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త మాస్కో నీటి పైపుల మీద పరీక్షలు చేసి, 1898లో దీనికి లెక్క చెప్పాడు. ఆ లెక్కన రాగి పైపులో సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే నీటిని టక్కున ఆపితే ఒత్తిడి సుమారు 24 బార్ పెరుగుతుంది. ఇంట్లో మామూలుగా ఉండేది 2, 3 బార్లే. ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది కాబట్టి దెబ్బ తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు.

శబ్దం గోడలో వినిపించినా, నలిగేది జాయింట్లూ, మెషిన్ వెనక ఉండే ఇన్లెట్ పైపూ. అందరూ డ్యూటీకి పోయాక అది ఊడితే కింది ఫ్లాటు దాకా నీళ్లే. తర్వాత ఎవరి డిపాజిట్‌లో కోయాలన్న పంచాయితీ.

అందుకే గోడ పగలగొట్టే ముందు, ఎప్పుడు మోగుతోందో ఒక రోజు గమనించండి.

నల్లా మూసినప్పుడు మోగితే: ఎత్తి దించే హ్యాండిల్ నల్లాలతో ఇది ఎక్కువ. మెల్లగా మూసి చూడండి. శబ్దం తగ్గితే కారణం అదే. బయటికి కనిపించే పైపు చేత్తో ఊగుతుంటే క్లాంపులు బిగించండి.

వాషింగ్ మెషిన్ నీళ్లు పట్టడం ఆపగానే మోగితే: అందులోని కరెంటు వాల్వ్ కన్నార్పేలోపు మూసుకుంటుంది. మెషిన్‌కి వెళ్లే యాంగిల్ వాల్వ్ కొంచెం తగ్గించండి. మరీ తగ్గిస్తే మెషిన్ నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంది. అప్పటికీ ఆగకపోతే, ఆ వాల్వ్ దగ్గరే వాటర్ హ్యామర్ అరెస్టర్ పెట్టించాలి. లోపలి గాలి ఆ దెబ్బని స్ప్రింగులా మింగేస్తుంది.

మోటరు ఆగినప్పుడు మోగితే: మన బిల్డింగుల్లో నీళ్లు ముందు ట్యాంకులోకొచ్చి, అక్కణ్నుంచి మోటరుతో ఫ్లాట్లకి వెళ్తాయి. మోటరు ఆగగానే వెనక్కి మళ్లే నీళ్లు నాన్ రిటర్న్ వాల్వ్‌ని దబీమని మూస్తాయి. ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గినా గోల పెరుగుతుంది. ఆ ట్యాంకు గాలి వాల్వ్ పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లొచ్చాయంటే లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే. ఇది ఓనరు చేయించాల్సిన పని. కరెంటుతో కలిసిన వ్యవహారం, మీరు చెయ్యి పెట్టొద్దు.

నీళ్లు వస్తుండగానే టకటకమంటుంటే: ఇది వాటర్ హ్యామర్ కాకపోవచ్చు. నల్లా వాషర్ వదులైందేమో ముందు అది మార్చి చూడండి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక నల్లా తుపుక్ తుపుక్‌మంటుంటే పైపులో గాలి పట్టింది. కాసేపు తెరిచి ఉంచితే పోతుంది.

ఒక్కసారి ఇన్లెట్ పైపు చేత్తో తడిమి చూడండి. ఉబ్బినా, పగిలినా, నట్టు దగ్గర తుప్పు పట్టినా వెంటనే మార్చండి. బయటికెళ్లేటప్పుడు మెషిన్ వాల్వ్ కట్టేయడం అలవాటు చేసుకోండి.

చివరగా, ఆ శబ్దం వీడియో తీసి ఓనరుకో క్యాంప్ బాస్‌కో వాట్సాప్‌లో పంపండి. ‘మోటరు ఆగినప్పుడల్లా మోగుతోంది’ అని ఒక్క లైను రాయండి. రిపేరు చేసేవాడికి జాడ దొరుకుతుంది. రేపు నష్టం జరిగితే, ముందే చెప్పామనడానికి మీ చేతిలో తేదీతో సహా రుజువుంటుంది.